చద్దరుతో కొలిచిన గల్లీ

పోయిన వారం మీరు నన్ను బురదలో వదిలేసి వెళ్లారు. తప్పు మీది కాదు, పేజీ అయిపోయింది. సాతారా కొండల్లో అన్నిటికంటే పైనున్న గుడారాల క్యాంపుకి మూడు కిలోమీటర్ల ఇవతల నా కిరాయి టెంపో ఇరుసు దాకా దిగబడిపోయింది. రెండు వందల చద్దర్లను నేనూ, ఆ క్యాంపులో వంట చేసే నలుగురు ఆడవాళ్లూ నెత్తిన పెట్టుకుని పైకి మోశాం. ఎనిమిది క్యాంపుల యజమానురాలు ఋతుజ మూట విప్పి చూసింది, నేత బాగుందని మెచ్చుకుంది, వేడి చాయ్ ఇచ్చింది. ఆ తర్వాత అసలు మాట అంది.

"మాల్ గురించి నాకు బెంగ లేదు ఆరతీ. వానాకాలంలో వారం వారం పైకి ఎలా వస్తావో అదే నాకు అర్థం కావడం లేదు. వానలు పట్టకముందు సొంత బండిలో ఇక్కడిదాకా ఒకసారి వచ్చి చూపించు. నువ్వే నడుపుకుంటూ రావాలి. డ్రైవర్‌ని పంపితే నేను ఒప్పుకోను. రేపు ఏ తేడా వచ్చినా ఎవరితో మాట్లాడాలో నాకు ముందే తెలియాలి."

అంతా మరాఠీలో, నవ్వుతూనే చెప్పింది. నవ్వుతూ చెప్పింది కదా అని తేలిగ్గా తీసుకునే పరిస్థితి కాదు నాది. ఈ ఆర్డరు పోతే తెలుగు నేతగాళ్ల దాజీ పేట్‌లో మా ఎనిమిది మగ్గాల్లో నాలుగు ఆగిపోతాయి. పైగా ఇది నా ముప్పై రెండేళ్ల జీవితంలో పూర్తిగా నేనే వెతికి, నేనే మాట్లాడి, నేనే తెచ్చుకున్న మొదటి పని. పెళ్లి ఎందుకు చేసుకోలేదో మూడో వారంలోనే చెప్పేశాను కాబట్టి మళ్లీ అడక్కండి.

ఇక బండి సంగతి. పది రోజులుగా మా ఇంట్లో అందరం అన్నం కంటే ఎక్కువగా దాన్నే నములుతున్నాం. పికప్ పేరు తోరణా, మూడు రకాల్లో వస్తుంది. కింది రకం ప్లస్. వెనక చక్రాలు మాత్రమే లాగుతాయి. తారు రోడ్డు ఉన్నంతవరకు దానికి వంక పెట్టలేం, కానీ మొన్న నన్ను ముంచిన టెంపో కూడా అలాంటిదే. నడిమి రకం ఘాట్. నాలుగు చక్రాలూ లాగుతాయి, నిదానంగా పాకించే లో గేరు ఉంది, ఇంజను అడుగుకు రాళ్లు తగలకుండా ఇనుప రేకు ఉంది. వెనక రెండు చక్రాల్లో ఒకటి గాల్లోకి లేచినా రెండోది ఆగిపోకుండా రెంటినీ కలిపి పట్టే లాక్ ఉంది. గురువారం ఊరి బయట రాళ్ల క్వారీలో నేనే నడిపి చూశాను. ఒక చక్రం గుంత మీద ఉత్తినే తిరుగుతుంటే ఆ లాక్ మీట నొక్కాను, బండి ఏమీ పట్టనట్టు ముందుకు నడిచింది.

పై రకం పేరు కడా. మరాఠీలో కడా అంటే కొండ అంచు. ముందు చక్రాలకు కూడా లాక్, వాగులో దిగినా గాలి పీల్చుకునే గొట్టం, మెత్తని స్ప్రింగులు, మనిషి ఎత్తు, పెళ్లి పందిరంత వెడల్పు. చూడ్డానికి భలేగా ఉంటుంది, కాదనను. కానీ సామాను వేసే తొట్టిలో ఒక ఇనుప కమ్మీని, నిలబెట్టిన స్టెప్నీని బిగించి పెట్టారు. ఇరవై మూటలు పట్టాల్సిన చోట పన్నెండు పడతాయి. మెత్తని స్ప్రింగులు కాబట్టి ఆ పన్నెండు వేసినా వెనక భాగం కుంగుతుంది. అది ఖాళీగా కొండలెక్కి ఫొటోలు దిగేవాళ్ల కోసం చేసిన బండి. మేం చద్దర్లు మోసేవాళ్లం. ఇందులో ఆలోచించడానికి ఏముందో మీరే చెప్పండి.

ఆదివారం మగ్గాలు బంద్. షోరూమ్‌లో పనిచేసే నితిన్ పదిన్నరకు కడా బండిని చూపించడానికి తెస్తానన్నాడు. అతనిది పక్కనే భవాని పేట్, మనవాడే. ఘాట్ రకంలో గోదాములో ఒక్కటే మిగిలిందని, దాన్ని ఆదివారం పన్నెండు గంటల వరకే నా కోసం ఆపి ఉంచగలనని, అది పోతే మళ్లీ ఆగస్టు తర్వాతేనని ముందే చెప్పాడు. ఆగస్టు నాటికి ఋతుజ క్యాంపుల్లో వేరేవాళ్ల చద్దర్లు ఉంటాయి. బుకింగ్ మా నాన్న నర్సప్ప పేరు మీద ఉంది, ఆయన్ని మేం బాపు అంటాం. ఏ రకమో ఖరారు చేసే ఓటీపీ ఆయన ఫోన్‌కే వస్తుంది. ఆయనేమో బండిని కళ్లతో చూశాకే చెప్తానన్నాడు. అందుకే ఆ ఉదయం నేను నోరు కట్టుకుని కూర్చున్నాను.

అమ్మ గడప దగ్గర బీడీల చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది. అమ్మ పేరు యమునాబాయి. ముప్పై ఏళ్లుగా రోజూ వెయ్యి బీడీలు చుడుతోంది. ఊరి బయట బీడీ కార్మికుల కాలనీలో ఆమె పేరు మీద వచ్చిన ఒక గది ఇల్లు ఉంది. అద్దెకున్నవాళ్లు పోయిన నెల ఖాళీ చేసినప్పటి నుంచి దాని తాళంచెవి అమ్మ బొడ్లోనే ఉంటోంది. అదెప్పుడు తన పేరు మీదికి మారుతుందా అని నా తమ్ముడు వినాయక్ ఎదురు చూస్తున్నాడు.

బాపు చాయ్ కప్పు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఫైసలా అయింది. కడా తీస్కుందం."

పది రోజులు ప్లస్ చాలు, ప్లస్ చాలు అని తలకాయ తిన్న మనిషి ఈయన.

"చూడక ముందే ఎట్ల అయింది బాపు? చూసినంక చెప్తనంటివి గదా."

"సోచ్ చేసిన బిడ్డా. గుట్టలెక్కే పని అయినప్పుడు నంబర్ వన్ మాలే తీస్కోవాలె. నడిమి రకం ఏంది? అటు గాక ఇటు గాక. నేను ఎన్నడన్న రెండో నంబర్ మాల్ అమ్మిన్నా?"

"ఇది నంబర్ల ముచ్చట కాదు. మనకు ఏ పని ఉన్నదో దానికి తగ్గది చూసుకోవాలె. బాపు, నువ్వు టవల్‌కు ఏ నూలు ఏస్తవ్?"

"ఇరవై నంబర్."

"ఎనభై నంబర్ ఇంకా సన్నగ, ఇంకా నున్నగ ఉంటది గదా. ఇంకా పిరం గూడ. అదెందుకు ఎయ్యవ్?"

"పిచ్చి లేసిందా నీకు? ఎనభై ఏస్తే అది టవల్ అయితదా? నీళ్లు తాగది, దినాం పిండితే ఆర్నెల్లకు చినుగుతది."

"నేను చెప్పేది గదే. కడా అంటే ఎనభై నంబర్ నూలు. మనకు కావాల్సింది టవల్."

బాపు ఆగాడు. నలభై ఏళ్లు నూలు పట్టుకున్న చెయ్యి గడ్డం మీదికి వెళ్లింది. అబద్ధం ఎందుకు, ఆ ఒక్క క్షణం గెలిచాననే అనుకున్నాను. ఇంతలో వినాయక్ తల దువ్వుకుంటూ లోపలి నుంచి వచ్చాడు. వాడికి ఇరవై ఏడేళ్లు, లైసెన్సు వచ్చి నాలుగు నెలలు. ఫోన్‌లో కడా వీడియోలు ఎన్ని చూశాడంటే ఆ బండిలోని మరమేకులు కూడా లెక్క చెప్పగలడు.

"నూలు వేరు, బండి వేరు అక్కా. ఇంకోటి, కడా ఆటోమేటిక్. గేర్లు మార్చుడు లేదు, క్లచ్ లేదు. నేను నడుపుత. నువ్వు ఉత్తగ ఎందుకు తకలీఫ్ పడుడు? ఆఫీసుల గూసోని ఫోన్లు మాట్లాడు."

ఆఫీసు అంటే ఏమిటో మీకు తెలియదు కదా. కండెలు చుట్టే మెషిన్ పక్కన ఒక రేకు బల్ల, మూడు కాళ్ల కుర్చీ. నాలుగో కాలు ఉండాల్సిన చోట ఇటుక ఉంటుంది. ఆరేళ్లుగా ఆ కుర్చీలో కూర్చుని, సాయంత్రాలు కిరాయి గేరు టెంపోలో మూటలు వేసుకుని కుంఠా నాకా నుంచి పండర్‌పూర్ రోడ్డు దాకా నేనే నడిపాను. అప్పుడు ఎవరికీ నా తకలీఫ్ కనబడలేదు.

"ఋతుజ నన్ను రమ్మన్నది. నన్నే నడపమన్నది. వారం నుంచి చెప్తున్న గదరా."

"మొగోడు వచ్చిండని వాపస్ పంపుతదా?" అన్నాడు వాడు.

"పంపుతది."

"జర నెమ్మదిగ మాట్లాడు," అన్నాడు బాపు. వాడికి కాదు, నాకు. "ఘాట్ రోడ్డు అంటే ఆట గాదు. తమ్ముడు నడుపుతడు, నువ్వు పక్కన గూసో. ఇద్దరు పోయినట్టు అయితది."

చూశారా, ఎంత తేలిగ్గా తేల్చేశాడో. నా ఆర్డరులో నన్నే పక్క సీటుకి జరిపాడు. ఏడుపు వచ్చింది కానీ మింగేశాను, ఏడిస్తే వాదన ఓడినట్టు లెక్క మా ఇంట్లో.

"సరే. అది మన గల్లీల పడతదా? ఎనభై నాలుగు ఇంచుల వెడల్పు ఉన్నది, అద్దాలు మడిస్తే గూడ."

బాపు ముఖం వెలిగిపోయింది. ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు.

"పడతది. నిన్న కొలిచిన. ఇటు అంజమ్మ కట్టా నుంచి అటు కరెంటు స్తంభం దాక బరోబర్ ఒక చద్దర్. ఒక్క ఏలు ఎక్కువ లేదు, ఒక్క ఏలు తక్కువ లేదు. చద్దర్ అంటే తొంభై ఇంచులు. ఇంకా ఆరు ఇంచులు మిగులుతది."

కట్టా అంటే మా గల్లీలో అంజమ్మత్త ఇంటి ముందరి రాతి అరుగు. బయటివాళ్లకు ఈ కొలత వింతగా ఉంటుందేమో. మా పేట్‌లో కొలతకు టేపు అడిగేవాడు ఉండడు. గది ఎంతంటే నాలుగు చద్దర్లంటాం, పందిరి ఎంతంటే పదహారు చద్దర్లంటాం. మగ్గం మీద పొడవు తొంభై, వెడల్పు అరవై. ఆ కొలత ఎవరు నేసినా మారదు. బాపు నేసినదైతే అసలే మారదు. నిజం చెప్పొద్దూ, ఆయన తొంభై అనగానే నేనూ నమ్మాను. ఇక గల్లీ పేరు చెప్పి కడాని ఆపలేనని నీరుగారిపోయాను.

పదిన్నరకు గల్లీ మొగలో హారన్ మోగింది. నల్లటి కడా రోడ్డంతా ఆక్రమించి నిలబడి ఉంది. నితిన్ దిగి, నన్ను చూసి పక్కకు వచ్చాడు. నన్ను మరాఠీలో తాయీ, అంటే అక్కా, అని పిలుస్తాడు.

"తాయీ, నీ ఘాట్ ఆపి పెట్టిన. పన్నెండు దాకనే. మా సాహెబ్ రెండుసార్లు ఫోన్ చేసిండు, బార్షీకెల్లి ఎవరో కావాలంటున్నరట."

"జర ఆగు. బాపును మల్లా అడుగుత," అన్నాను.

నేను అడిగేలోపే వినాయక్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. బాపు గల్లీ మధ్యలో నిలబడి రెండు చేతులూ ఊపుతూ రా రా అంటున్నాడు. నితిన్ "అన్నా, నేను తిప్పుత" అంటూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు. ఆదివారం కాబట్టి గల్లీ గల్లీ అంతా గడపల్లోకి వచ్చి నిలబడింది.

అద్దాలు మడుచుకుని బండి ముక్కు లోపలికి వచ్చింది. ముందు చక్రాలు కట్టాను దాటబోతున్నాయి, ఇంతలో కర్రమని చప్పుడైంది. ఎడమవైపు చక్రం మీది నల్ల ప్లాస్టిక్ అంచు అంజమ్మ కట్టా రాయికి పట్టేసింది. వినాయక్ కంగారుగా కుడికి తిప్పాడు. కుడివైపు తలుపు కరెంటు స్తంభానికి ఆనుకుంది. అటు తలుపు తెరుచుకోదు, ఇటు తలుపు తెరుచుకోదు. ముందు అద్దంలోంచి మా వినాయక్ కనబడుతున్నాడు, తెల్లమొహం వేసుకుని.

అంజమ్మత్త తన గడపలోంచి నిదానంగా అంది. "నర్సప్పా, మా కట్టాకు నల్ల రంగు ఎయ్యమని నేనెప్పుడన్న అడిగిన్నా?"

"వానికి తిప్పుడు రాలేదు. గల్లీ తొంభై ఉన్నది," అన్నాడు బాపు.

నేను షెడ్డులోకి వెళ్లి మగ్గాల మరమ్మతు పెట్టెలోంచి ఇనుప టేపు తెచ్చాను. ఒక కొస అంజమ్మత్త చేతికిచ్చి, కట్టా నుంచి స్తంభానికి పట్టాను. ఎనభై మూడు. మళ్లీ పట్టాను. ఎనభై మూడే.

"టేపు తప్పు," అన్నాడు బాపు.

ఇలాంటి మనిషితో ఏం వేగుతాం? టేపు తప్పట. ఆయన లోపలికి వెళ్లి, నిన్న కొలిచిన చద్దరు పట్టుకొచ్చాడు. రోజూ ఆయన కప్పుకునేదే, ఎర్ర అంచు, నీలం గడులు. గల్లీకి అడ్డంగా ఒక కొస నాకిచ్చి తాను రెండో కొస పట్టుకున్నాడు. కట్టా నుంచి స్తంభం దాకా బరోబర్ సరిపోయింది. ఒక్క వేలు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"సూస్తివా? నేను నేసిన చద్దర్. తొంభై."

నేను ఆ చద్దరు మీదే టేపు పరిచాను. ఎనభై మూడు.

బాపు టేపు వైపు చూశాడు, చద్దరు వైపు చూశాడు. వంగి అంచు పట్టుకుని, ఎవరో రాత్రికి రాత్రి కత్తిరించి ఉంటారేమో అని కుట్టు వెతికాడు. కుట్టు ఆయనదే.

అమ్మ గడప మీంచే, కత్తెర ఆపకుండా అంది.

"నువ్వు నేసినప్పుడు తొంభైయే. పదకొండేండ్ల సంది దాన్ని నేను ఉతుకుతున్న."

మొదట నవ్వింది అంజమ్మత్తే. తర్వాత గల్లీలోని ఆడవాళ్లందరూ నవ్వారు. మా బాపు లక్షల చద్దర్లు నేసి ఉంటాడు. మగ్గం మీంచి దిగాక అవి ఏమవుతాయో, ఒక ఉతుకుకు ఎంత, పది ఉతుకులకు ఎంత ముడుచుకుంటాయో ఆయన ఎన్నడూ చూడలేదు. ఒక్కటంటే ఒక్కటి ఉతికితే కదా. నాకు మాత్రం నవ్వు రాలేదు. టైం పదకొండు దాటి ఇరవై నిమిషాలైంది.

"వినాయక్, ఎన్కకు తీస్కో," అన్నాడు బాపు.

వాడు అద్దం దించి తల అడ్డంగా ఊపాడు. "నాకెల్లి కాదు బాపు. ఎటు తిప్పినా రాస్తున్నది."

ముందు సీట్ల మధ్యలోంచి వెనక్కి దూరి, వెనక అద్దంలోంచి తొట్టిలోకి దూకాడు. తల దువ్వుకుని వచ్చిన మనిషి జుట్టంతా చెదిరిపోయి దిగాడు. నేను అదే దారిన లోపలికి పాకి స్టీరింగ్ ముందు కూర్చున్నాను. నితిన్ వెనక నిలబడి చెయ్యి ఊపాడు. నాలుగు చక్రాలనూ లో గేరులో పెట్టి, బ్రేకు మీంచి కాలు కొంచెం కొంచెం వదిలాను. ముందు స్తంభం నుంచి విడిపించాలి, తర్వాత కట్టా నుంచి. వేలెడు వెనక్కి, వేలెడు ఎడమకు. ఆరేళ్లు ఇదే గల్లీలో టెంపోను వెనక్కి తీసిన చేతులు నావి. ఏడెనిమిది నిమిషాల్లో కడా రోడ్డు మీద ఉంది. దిగి తాళంచెవి నితిన్ చేతిలో పెట్టాను.

"పట్టా చినిగింది," అన్నాడు నితిన్ దిగులుగా, ప్లాస్టిక్ అంచు తడుముతూ. "సాహెబ్‌కు నేను చెప్పుకుంటలే. తాయీ, పన్నెండుకు ఇర్వై నిమిషాలున్నది."

బాపు చద్దరు భుజాన వేసుకుని అలాగే నిలబడి ఉన్నాడు. కోపం పక్కన పెట్టి, వీలైనంత మెత్తగా అడిగాను. ఆయన తప్పు ఊరంతా చూసింది, ఇంకా పొడిచి ఏం లాభం?

"బాపు, అయిందేదో అయింది. ఘాట్ డెబ్బై ఆరు ఇంచులే. మన గల్లీలకు వస్తది, గుట్ట ఎక్కుతది, మూటలు మోస్తది. నితిన్ మెసేజ్ పంపుతడు. ఆ ఓటీపీ చెప్పు, అంతే."

బాపు ఫోన్ తియ్యలేదు. నేల చూశాడు.

"పొద్దున్నే చెప్పిన," అన్నాడు.

"ఏం చెప్పినవ్?"

"ఓటీపీ. ఎనిమిదింటికి వినాయక్ ఆన్‌లైన్‌ల కడా రాసి అడిగిండు, చెప్పిన. కడా పక్కా అయిపోయింది. వాని పేరు మీదికి మార్చిన."

ఒక్కసారి ఆలోచించండి. ఎనిమిదికే అయిపోయింది. తొమ్మిదిన్నరకు ఫైసలా అయిందంటూ నాతో నూలు నంబర్లు మాట్లాడాడు. టవల్ గురించి, ఎనభై నంబర్ గురించి నేను గొంతు చించుకుంటుంటే గడ్డం పట్టుకుని ఆలోచిస్తున్నట్టు కూర్చున్నాడు. పది రోజులు నేను కాగితాలు పట్టుకుని తిరిగాను, క్వారీలో దుమ్ము తిన్నాను. ఎందుకు? ఆ తాళంచెవి ఎవరి చేతికి పోవాలో ముందే అనుకున్నాక నన్ను ఎందుకు అడిగినట్టు?

"నన్ను ఎందుకు అడిగినవ్ బాపు?" అదే అడిగాను.

"నువ్వు బాధ పడతవని."

నితిన్ వైపు తిరిగాను, అతనికీ ఈ సంగతి అప్పుడే తెలిసింది.

"నా పేరు మీద రాయి. కొత్త బుకింగ్. ఘాట్."

"తాయీ, బుకింగ్ పైసలు—"

"నా దగ్గర ఉన్నయ్. నా ఫోన్‌కే ఓటీపీ పంపు."

"అక్కా, పాగల్ అయినవా? ఒక ఇంటికి రెండు బండ్లు ఏం జేసుకుంటం?" అన్నాడు వినాయక్.

బాపు తల ఎత్తాడు. అంతమంది ముందు నవ్వులపాలైన మనిషికి ఎక్కడో ఒకచోట గట్టిగా నిలబడాలి కదా, ఆ చోటు నేనే అయ్యాను.

"తీస్కో. నీ ఇష్టం. గని నా గల్లీల, నా షెడ్డు ముంగట ఆ బండి నిలవది. నా జాగా ఇయ్య."

నితిన్ వేలు ఫోన్ మీద ఆగిపోయింది. దాజీ పేట్‌లో రోడ్డు మీద బండి పెట్టుకోవడానికి చెప్పులంత చోటు కూడా ఉండదు. అది బాపుకి తెలుసు, నాకు తెలుసు, చూస్తున్న అందరికీ తెలుసు. పదకొండు నలభై ఎనిమిది.

గడప దగ్గర కత్తెర చప్పుడు ఆగింది. నా చిన్నప్పటి నుంచి పగటిపూట ఆ చప్పుడు ఆగడం నేను వినలేదు.

"నా ఇంటి ముంగట నిలవెట్టు," అంది అమ్మ.

"ఏ ఇల్లు?" అన్నాడు బాపు.

"కాలనీల ఉన్నది. నా బీడీ కార్డు మీద వచ్చిన ఇల్లు. దాని ముంగట రోడ్డు ముప్పై ఫీట్లు. టేపుతోటి కొలిచిన్రు సర్కారోళ్లు."

"అది వినాయక్‌కు రాద్దమనుకున్నం గద," అన్నాడు బాపు.

"నువ్వు అనుకున్నవ్. నన్నెవరు అడిగిన్రు? నన్ను గూడ బాధ పడతదనే అడగలేదేమో."

అమ్మ చుట్టిన బీడీల కట్టలను చాటలో సర్దింది. తునికాకు తడిగుడ్డలో చుట్టింది. కత్తెర, దారపుండ చాటలోనే పెట్టి, మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచింది. బొడ్లోంచి తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. నా ఫోన్ టింగుమంది. ఆరు అంకెలు. నితిన్‌కు చదివి చెప్పాను. ఒక్కో అంకె, తప్పు లేకుండా.

"అయింది తాయీ. ఘాట్ నీదే," అన్నాడు.

"బండి అయితే అయింది," అన్నాడు బాపు మెల్లగా. అరవలేదు, అదే నన్ను భయపెట్టింది. "అండ్ల ఏం ఏస్తవ్? మగ్గాలు నావి. చద్దర్లు ఎవరిస్తరు నీకు?"

ఋతుజకు బండి చూపిస్తానన్న రోజుకు తొమ్మిది రోజులే ఉన్నాయి.

అమ్మ బాపు దగ్గరికి వెళ్లి ఆయన భుజం మీంచి చద్దరు తీసుకుంది. పొడవు మడిచి, అడ్డం మడిచి చాట మీద పెట్టింది. చాట చంకన పెట్టుకుని కాలనీకి పోయే దారిన గల్లీ మొగ వైపు నడిచింది. నితిన్ పక్కకు రాగానే ఆగింది.

"ఆ నడిమి బండిల ముంగట ఎంతమంది గూసుంటరు?"

"ఇద్దరు, కాకూ," అన్నాడు నితిన్.

"చాలు," అంది అమ్మ.